పాత ట్రాన్స్‌మిటర్‌కి లీనియర్ కలిపేటప్పుడు చూడాల్సింది వాట్లు కాదు

మీరు అడిగింది: "రెండు 6146 ట్యూబులున్న పాత ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, మాట పంపే ఒక పద్ధతి) ట్రాన్స్‌మిటర్ నా దగ్గర ఉంది. రెండు 811ఏ ట్యూబుల లీనియర్‌ని నడపడానికి దాని 100 వాట్లు చాలా?"

చాలు, ఇంకా మిగులుతాయి కూడా. (లీనియర్ అంటే ట్రాన్స్‌మిటర్ ఇచ్చే రేడియో సిగ్నల్‌ని ఇంకా పెంచే యాంప్లిఫయర్.) అందరూ వాట్ల దగ్గరే ఆగిపోతారు, నాకు బాధ అదే. నాకు లీనియర్ ఇచ్చినాయన కూడా "కేబుల్ పెట్టండి, అదే నడుస్తుంది" అన్నాడు.

80 మీటర్ల బ్యాండ్‌లో నిజంగానే నడిచింది. ఆ ధైర్యంతో 20 మీటర్లకి మార్చాను. లోడింగ్ కెపాసిటర్ పూర్తిగా మూసేసినా ప్లేట్ కరెంట్ దిగలేదు. డిప్ (ట్యూనింగ్ కుదిరినచోట ప్లేట్ కరెంట్ తగ్గడం) కోసం నాబ్ అటూ ఇటూ తిప్పుతుంటే ముల్లు కొద్దిగా వణికిందంతే. మూత సందులోంచి చూస్తే 6146 ప్లేట్ మధ్యలో ఎర్రటి మచ్చ, చూస్తుండగానే పెద్దదవుతోంది. కీ వదిలేశాను. నా చేతులు చల్లబడిపోయాయి.

ట్రాన్స్‌మిటర్ పాడైందనుకుని రెండు రోజులు దాన్నే విప్పి చూశాను. డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) మీద పెడితే చక్కగా పనిచేసింది. తప్పు కేబుల్ దగ్గర దొరికింది. నా లీనియర్‌కి ఇన్‌పుట్ ట్యూనింగ్ లేదు, డ్రైవ్ (ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే సిగ్నల్) నేరుగా ట్యూబుల ఫిలమెంట్‌కి వెళ్తుంది. ఇలా గ్రిడ్‌ని గ్రౌండ్‌కి కలిపే పద్ధతిలో (గ్రౌండెడ్ గ్రిడ్) రెండు 811ఏలు కలిసినా ఇన్‌పుట్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, ట్రాన్స్‌మిటర్ కోరే 50 ఓమ్‌లకి చాలా పైనే ఉంటుంది. నేను వాడింది 3 మీటర్ల కోయాక్స్ కేబుల్. 20 మీటర్ల బ్యాండ్‌లో అది దాదాపు పావు తరంగం పొడవు. పావు తరంగం కేబుల్ ఎక్కువ ఓమ్‌లని తక్కువ ఓమ్‌లుగా తిప్పి చూపిస్తుంది. పాపం ఆ 6146లు పదీ ఇరవై ఓమ్‌ల లోడ్‌తో కుస్తీ పట్టాయన్నమాట. 80 మీటర్లలో అదే కేబుల్ తరంగంలో ఇరవయ్యో వంతే, అందుకే అక్కడ ఏమీ తెలియలేదు.

కేబుల్ అర మీటరుకి కోసేస్తే డిప్ వచ్చింది. కానీ నాకది మందు అనిపించలేదు. ఈ ట్యూబులు డ్రైవ్‌ని ఒక సైకిల్‌లో సగంలోనే గట్టిగా లాగుతాయి, మిగతా సగంలో దాదాపు వదిలేస్తాయి. ఆ కుదుపు ట్రాన్స్‌మిటర్ దాకా పోకుండా మధ్యలో ఒక ట్యూన్డ్ సర్క్యూట్ ఉండాలి. బ్యాండుకొకటి చొప్పున ఒక కాయిల్, రెండు కెపాసిటర్లతో π (పై) ఆకారపు నెట్‌వర్క్ కట్టాను, క్యూ (సర్క్యూట్ ఎంత పదునుగా ట్యూన్ అవుతుందో చెప్పే అంకె) 2 దగ్గర ఉంచి, ఫిలమెంట్‌కి ఆనుకునేలా. ఆ తర్వాత డిప్ లోతుగా, పదునుగా వచ్చింది. నా మాట పక్క ఫ్రీక్వెన్సీల మీదకి చిమ్ముతోందని ఎప్పుడూ చెప్పే మిత్రుడు ఆ రోజు మొదటిసారి బాగుందన్నాడు. ట్యూన్డ్ ఇన్‌పుట్ లేని లీనియర్‌ని పూర్తయిన లీనియర్ అని నేనైతే ఒప్పుకోను.

ఏఎం (క్యారియర్ అనే స్థిరమైన తరంగం మీద మాటని ఎక్కించే పాత పద్ధతి) మీద మోజు ఉంటే ఇంకో మాట. పూర్తి మాడ్యులేషన్‌లో పీక్ పవర్ క్యారియర్‌కి 4 రెట్లు. ఎస్ఎస్‌బీలో 100 వాట్ల పీక్ ఇస్తున్న చోట క్యారియర్ 25 వాట్లు దాటకూడదు. క్యారియర్‌నే 100 దాకా తోసి, "ట్యూబులు నాసిరకం" అని తిట్టేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

మీరు ముందు లీనియర్ ప్లగ్ పీకేయండి. కెపాసిటర్లలో చార్జి పూర్తిగా దిగనిచ్చి, మూత తీసి, లోపల దేన్నీ ముట్టుకోకముందే ప్లేట్ లైన్‌ని ఇన్సులేటెడ్ పిడి ఉన్న షార్టింగ్ కర్రతో చాసిస్‌కి షార్ట్ చేయండి. ఇన్‌పుట్ సాకెట్‌కీ ఫిలమెంట్‌కీ మధ్య కాయిల్ ఉందో లేదో చూసి చెప్పండి. లేకపోతే నేను కట్టిన కాయిల్ చుట్ల లెక్క బ్యాండుల వారీగా ఇక్కడే రాస్తాను.