కొత్త డిప్యూటీ తహసీల్దార్ ఏ పని బాగా నేర్చుకోవాలి?

"గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దార్‌గా ఎంపికయ్యాను. ఐగాట్ (ప్రభుత్వోద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ వేదిక) కోర్సులన్నీ పూర్తిచేస్తే ఉద్యోగానికి కావలసిన నైపుణ్యాలు వస్తాయా?" అని అడిగారు. ముందుగా మీకు అభినందనలు. నేనూ ఆంధ్రప్రదేశ్‌లో ఆ హోదాలోనే చేరి, ఇప్పుడు తహసీల్దార్‌గా పనిచేస్తున్నాను. కోర్సులు తప్పక చేయండి. కానీ రెవెన్యూలో అన్నిటికంటే ముఖ్యమైన పని, కారణాలు చెబుతూ ఆర్డరు రాయడం, వీడియోలు చూస్తే వచ్చేది కాదు.

2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రభుత్వోద్యోగుల శిక్షణ కార్యక్రమం మిషన్ కర్మయోగి వెనక ఉన్న ఆలోచన నాకు నచ్చింది. హోదాను బట్టి కాకుండా, ఆ కుర్చీలో చేయవలసిన పనిని బట్టి శిక్షణ ఉండాలన్నది దాని ఉద్దేశం. సమాచార హక్కు, ఈ-ఆఫీస్ వంటి విషయాలు ఆ కార్యక్రమం కిందే నడిచే ఐగాట్‌లో ఎవరికి వీలైన వేళ వాళ్లు నేర్చుకోవచ్చు. చిక్కల్లా సర్టిఫికెట్ల లెక్కే శిక్షణ అనుకున్నప్పుడు వస్తుంది. డిపార్ట్‌మెంటల్ టెస్టులకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో చాలా పేపర్లు పుస్తకం చూసి రాసేవే కాబట్టి, కావలసిన రూలు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం అలవాటవుతుంది. అంతవరకు మేలే.

సర్వే శిక్షణను మాత్రం మొక్కుబడిగా ముగించకండి. పాత ఎఫ్‌ఎంబీల్లో (పొలాల కొలతల పటాల పుస్తకాల్లో) కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఈ లెక్క మీకు తెలియకపోతే సర్వేయర్ చెప్పిందే మీకు వేదం. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయింది. వంశపారంపర్య పెత్తనం పోవడం మంచిదే, అందులో నాకు సందేహం లేదు. అయితే ఏ గట్టు ఎక్కడ ఉండేదో, ఏ డొంక ఎప్పుడు పొలంలో కలిసిందో తెలిసిన మనుషులు కూడా ఆఫీసుకు దూరమయ్యారు. అందుకే ఎఫ్‌ఎంబీ, అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో చూపే రిజిస్టరు) చేతపట్టుకుని పొలానికి వెళ్లండి. హద్దు రైతులిద్దరినీ పిలిచి, ఇద్దరి మాటా చివరిదాకా వినండి.

ఇక ఆర్డరు సంగతి. మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేరు మార్పు) దరఖాస్తు మీద "రికార్డుల ప్రకారం తిరస్కరించడమైనది" అని ఒక్క వాక్యం రాసిన కాగితాలు నేను ఎన్నో చూశాను. దాన్ని అందుకున్న రైతుకు ఏ రికార్డు అడ్డొచ్చిందో తెలియదు, ఏ కాగితం తెస్తే పని అవుతుందో తెలియదు, అప్పీలుకు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు. తిరగడం మాత్రం మొదలవుతుంది. సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం, నిర్ణయానికి కారణాలు దానివల్ల ప్రభావితులైన వారికి తెలియజేయడం మన బాధ్యత. మొహీందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట స్పష్టం చేసింది: ఆర్డరు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు చేర్చి దాన్ని నిలబెట్టలేం. అంటే కోర్టులో మన కౌంటరు (జవాబు) ఎంత గట్టిగా రాసినా, ఆర్డరు రాసిన రోజున పెట్టని కారణం అక్కరకు రాదు.

నాకు ఈ పని నేర్పింది నా మొదటి తహసీల్దారు గారు. నా డ్రాఫ్టు చదివి, కారణం లేని ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో "ఎందుకు?" అని రాసి తిప్పి పంపేవారు. కొన్నాళ్లకు ఆ ప్రశ్న నేనే వేసుకుని రాయడం అలవాటైంది. దరఖాస్తుదారు ఏమడిగారు, ఏ పత్రాలు చూపారు, ఎదుటివారి అభ్యంతరం ఏమిటి, విచారణలో ఏం తేలింది, ఏ సెక్షన్ కింద ఈ నిర్ణయం, అప్పీలు ఎవరికి? ఇవన్నీ తేట తెలుగులో ఉంటే, ఓడిపోయిన మనిషి కూడా ఇంట్లో పిల్లల చేత చదివించుకుని అర్థం చేసుకోగలడు. ఇలాంటి పెద్దవారు మీకు దొరికితే, విసుగు పడకుండా ఎన్నిసార్లయినా తిరగరాయండి.

దొరకకపోతే ఒక దారి ఉంది. మీ మండలం నుంచి అప్పీలుకు వెళ్లి, ఆర్డీవో గారి దగ్గర నుంచి రిమాండై, అంటే మళ్లీ విచారించమని వెనక్కి వచ్చిన ఫైళ్లను సీనియర్ అసిస్టెంటు గారిని అడిగి తీసుకోండి. ముందు మన ఆఫీసు ఆర్డరు చదవండి, తర్వాత రిమాండు ఆర్డరు. నోటీసు సరిగా అందలేదా, పంచనామాలో సంతకాలు లేవా, కారణాలు రాయలేదా అన్నది అందులో వివరంగా ఉంటుంది. ఆ పైన అదే కేసుకు మీరే రాస్తే ఎలా ఉండేదో ఒక డ్రాఫ్టు తయారుచేసి, మీ తహసీల్దారు గారికి చూపించండి.