గాలికి విమానం కదలకుండా

ప్రశ్న: సెస్నా 172 అనే చిన్న విమానాన్ని ఆరుబయట కట్టేటప్పుడు తాడు ఎంత బిగించాలి?

జవాబు: మరీ బిగించొద్దు, అంగుళం వదులు ఉంచండి. వదులు ఎక్కువైతే గాలి విసురుకు విమానం ఎగిరెగిరి పడుతూ కొక్కేల్ని లాగేస్తుంది. నార తాడైతే తడిసినప్పుడు కుంచించుకుపోయి రెక్కను కిందికి గుంజుతుంది. నైలాన్ తాడే మేలు. ఒక్కో తాడు కనీసం 318 కిలోల లాగుడుకు ఆగాలి. రెండు రెక్కలకూ, తోకకూ, ముక్కుకూ కట్టి, ముక్కును గాలికి ఎదురుగా పెట్టండి.

చాలామంది మరిచేది కంట్రోల్ లాక్, అంటే రెక్కల, తోక మీది కదిలే పలకల్ని కదలకుండా పట్టి ఉంచే గడియ. అది లేకుంటే ఐలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు), రడ్డర్ (తోక మీది నిలువు పలక) రాత్రంతా టపటపా కొట్టుకుంటాయి. అతుకులు వదులవుతాయి, తీగలు సాగుతాయి. తెల్లారాక పైకి ఏమీ కనిపించదు, అదే ప్రమాదం.

ట్యాక్సీ చేస్తుంటే, అంటే విమానాన్ని నేల మీద నడుపుతుంటే, వెనక పక్కనుంచి వచ్చే గాలే మహా చెడ్డది. యోక్‌ను (పైలట్ చేతిలోని స్టీరింగ్‌ను) గాలికి అవతలి వైపు తిప్పి, ముందుకు నెట్టి పట్టుకోండి. బ్రేకు గట్టిగా తొక్కకండి.