రాత్రి ఒంటిగంటకి ఎవర్ని లేపాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా తమ్ముడికి 26 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి నాలుగు నెలల కిందట ఇంటికొచ్చేశాడు. పగలు బాగానే ఉంటాడు, రాత్రి పన్నెండు దాటితే చాలు, నిద్ర పట్టక వీధి అరుగు మీద కూర్చుంటాడు. మొన్న "నేను లేకపోతే మీకో ఖర్చు తగ్గుతుందిలే" అన్నాడు. అప్పట్నించీ నాకూ నిద్ర లేదు. ఆ టైములో ఏ డాక్టరు ఉంటాడు? అమ్మ దిష్టి తీయిద్దామంటుంది, నాన్నకి పోలీసు కేసవుతుందని భయం. అసలు ఆ మాట వాణ్ణి అడగొచ్చో లేదో కూడా నాకు తెలీదు మేడమ్.

జవాబు: అడుగు తల్లీ. చుట్టూ తిప్పకుండా, "చచ్చిపోవాలనిపిస్తోందా రా నీకు?" అని అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు గానీ అలా జరగదు. ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీ చేసిన నర్సుని, ఆ మాట ఎవరో ఒకరు పైకి అనేసరికి మనిషి భుజాలు ఎలా కిందికి దిగుతాయో నా కళ్ళతో చూశాను. అడిగాక మాత్రం నువ్వు ఊరుకోవాలి. "ఛ, అలాంటి మాటలనకూడదు, అమ్మ ఏమైపోతుంది" అన్నావంటే మళ్ళీ నోరు విప్పడు.

అవునన్నా, ఏమీ అనకుండా తల దించుకున్నా ఆ రాత్రికి ఒక్కణ్ణి వదలొద్దు. పురుగుమందు, ఎలకలమందు, నాన్న బీపీ బిళ్ళలు, అన్నీ మూటగట్టి పక్కింటికి చేర్చెయ్యి, అదీ రేపు పొద్దున్న కాదు, ఇప్పుడే. చచ్చిపోవాలన్న ఆ ఉధృతి చాలామందిలో కొన్ని గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే తగ్గుతుంది కాబట్టి, ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోవడం వల్లే బతికి బట్టకట్టినవాళ్ళు ఎంతమందో. తాగే అలవాటుంటే మద్యం కూడా ఇంట్లో ఉంచొద్దు.

ఇక డాక్టరు సంగతి. 14416 కి చెయ్యి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు పడవు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. ఇరవై భాషల్లో పలుకుతుంది, మొదట్లోనే భాష అడుగుతుంది, ఒడియా రాదని కంగారుపడకుండా తెలుగు ఎంచుకో. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకి కలుపుతారు. తమ్ముడు మాట్లాడనంటే నువ్వే చెయ్యి, ఇంట్లో వాళ్ళు చేసినా చెప్తారు.

ఏదైనా మింగేశాడని అనుమానం వచ్చినా, చేసేస్తాడనిపించినా మాత్రం ఫోన్ కౌన్సెలింగ్ కోసం ఆగొద్దు, 108 గానీ 112 గానీ. మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళూ వద్దు, సీసా మాత్రం వెంట తీసుకెళ్ళు. మీది మరీ సరిహద్దు, పాతపట్నం టవరు అందితే ఫోన్ ఆంధ్రా వైపు వెళ్ళినా వెళ్ళొచ్చు, అందుకని ముందే "పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా" అని చెప్పెయ్యి. బండి ఆలస్యమైతే ఆటోలోనైనా మీ జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళిపోండి, ఆ సమయంలో మానసిక వైద్యుడు లేకపోయినా ప్రాణం నిలబెట్టే డాక్టరు ఉంటాడు. తర్వాత పెద్ద వైద్యం కావాలంటే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

నాన్నగారి భయం పాతకాలం భయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. 2024 జులై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత ఐపీసీ 309 సెక్షన్ తీసేశారు. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (పోలీసులకి తెలియజెయ్యాల్సిన కేసని డాక్టరు రాసే నోటు) రాసి పోలీసు వచ్చి నాలుగు ప్రశ్నలు అడగొచ్చు, అది తమ్ముడి మీద కేసు కట్టడం కాదు. అమ్మ దిష్టి తీస్తే తియ్యనీ, మనసుకి తృప్తి, కానీ దానికోసం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇంకోటి, నన్నడిగితే ఇదే అసలు పని. ఊళ్ళో ఎవరైనా పోతే ఆ ఇంటికి రాత్రి తోడు పడుకోవడానికి ఎవరూ పిలవకుండానే పదిమంది వస్తారు కదా. బతికున్న మీ తమ్ముడికీ అలాంటి తోడే అడుగు. మేనమామ, పక్కింటి కుర్రాడు, చిన్ననాటి స్నేహితుడు, ముగ్గురు చాలు. పగలే కూర్చుని, తమ్ముణ్ణి కూడా పక్కన పెట్టుకుని, ఏ రాత్రి ఎవరి వంతో, ఒంటిగంటకి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో రాసి గోడకి అంటించు. అరుగు మీద వాడి పక్కన కూర్చుంటే చాలు, సలహాలేమీ చెప్పక్కర్లేదు. నీ ఒక్కదాని మీదే పెట్టుకుంటే వారం తిరిగేసరికి నువ్వు పడకేస్తావు.

ప్రశ్న: నేను రాయగడలో ఉంటాను. విశాఖలో ఉన్న స్నేహితుడు రోజూ అర్ధరాత్రి మెసేజ్‌లు పెడతాడు, ఒక్కోసారి చచ్చిపోతానని కూడా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నాకు టెన్షన్‌తో పనిలో మనసు నిలవడం లేదు.

జవాబు: ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు బాబూ. వాళ్ళ ఇంట్లో ఒకరికి ఈ రోజే చెప్పు, ముందుగా అతనికే "నేను చెప్తున్నాను, నీ మీద ప్రేమతోనే" అని చెప్పి మరీ చెప్పు. కోపం వస్తుంది, రానీ. అతని అడ్రసు, ఇంట్లోవాళ్ళ నంబరు నీ ఫోన్‌లో ఉన్నాయా లేవా ముందు చూసుకో, అర్ధరాత్రి 112 వాళ్ళు నిన్ను మొదట అడిగేది అదే. 14416 నీక్కూడా పనికొస్తుంది, ఈ భారం మోస్తున్నానని నీ గురించే చెప్పుకోవచ్చు.