లంక బడికి వెళ్తున్న మా అమ్మడికి

అమలాపురం

అమ్మడూ,

నీకు గోదావరి మధ్య లంక ఊళ్ళో బడి వచ్చిందని, మూడో తరగతి నీకే ఇచ్చారని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత చాక్‌పీసు పట్టేది నువ్వే. సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి టెన్షన్ మొదలైంది. ఏటి అవతల బడి, ఇంగ్లీషు మీడియం పుస్తకాలు, ఇంటి దగ్గర ఇంగ్లీషు ముక్క వినపడని పిల్లలు. లేచి కాఫీ కూడా తాగకుండా ఇది రాస్తున్నాను.

లెసన్ ప్లాన్ ముందు రోజే రాసుకో. బోర్డు మీద అక్షరాలు పెద్దవిగా రాయి. గొంతు జాగ్రత్త. ఇవన్నీ నీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు.

నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇంగ్లీషు నేర్పే టీచరుకి ముందు తన తెలుగు ఎలా నడుస్తుందో తెలియాలి. నేను ఎమ్మే ఇంగ్లీషు చదివానన్న మాటే గానీ, 'ఆమె టీచరు' అన్న వాక్యంలో క్రియే లేదని నలభయ్యో ఏట గానీ నాకు తట్టలేదు. మన పిల్ల 'షి టీచర్' అంటే అందుకే అంటుంది. 'ఎ', 'ద' లాంటి మాటలూ మనకు లేవు. అమ్మా 'వచ్చింది', బస్సూ 'వచ్చింది', అందుకే 'షి' దగ్గరా 'ఇట్' దగ్గరా తడబడతారు. 'వస్తాను' అంటే రోజూ వస్తాననీ అర్థమే, రేపు వస్తాననీ అర్థమే, కాబట్టి 'ఐ కమ్ టుమారో' అని రాస్తారు. ఇలాంటి తప్పు కనిపించగానే ఎర్ర పెన్ను తీయకు. అది తెలుగులోంచి ఏ దారిన వచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించు. రెండు వాక్యాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, తేడా ఎక్కడుందో పిల్లల చేతే పట్టించు.

నా క్లాసులో ఒక పిల్ల ఉండేది. నన్ను ఏదైనా అడగాలంటే 'మేడమ్ కమింగ్ టుమారో?' అనేది. 'యూ' అనమ్మా అంటే తల దించుకునేది. మాటకు ముందు అండీ, వెనక అండీ అనే ఊళ్ళో పెరిగిన పిల్ల టీచరును 'నువ్వు' అని ఎలా అనగలదు? 'యూ'లో నువ్వూ ఉంది, మీరూ ఉంది అని చెప్పాక దాని నోరు పెగిలింది.

స్పెల్లింగు సంగతి కూడా అంతే. తెలుగులో గుణింతాలు, ఒత్తులు వచ్చాయంటే ఏది రాసి ఉన్నా చదివేస్తారు. ఇంగ్లీషులో 26 అక్షరాలు నలభై పైచిలుకు ధ్వనుల్ని మోయాలి. 'బట్'కీ 'పుట్'కీ మధ్యలో ఒకే అక్షరం ఉంటే పలుకు ఎందుకు మారిందని అడిగిన పిల్లాణ్ణి కసురుకోకు. వాడికి తెలుగు బాగా వచ్చింది కాబట్టే ఆ అనుమానం వచ్చింది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. మీ నాన్నకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

ముప్ఫై ఏళ్ళ కిందట ఎనిమిదో తరగతి ఇంగ్లీషు మీడియం సెక్షను నాది. ఒక పిల్లాడు కొత్తగా చేరాడు. తండ్రి కాలువ లాకుల దగ్గర తలుపులు తీసి మూసే లస్కరు. 'మా ఊరి కాలువ' మీద పది వాక్యాలు రాయమన్నాను. అందరూ గైడులోంచి బట్టీ పట్టినవి నింపేశారు. వాడు మాత్రం 'డోర్ క్లోజ్. వాటర్ కమ్. బోట్ అప్. వాటర్ సేమ్ సేమ్. డోర్ ఓపెన్. బోట్ గో.' అని రాశాడు. నేను ఆ కాగితం నిండా ఎర్రగీతలు పెట్టి, క్లాసులో పైకి చదివాను. పిల్లలు నవ్వారు. నేనూ ఆపలేదు. ఆ రోజు నుంచి వాడు నోరు తెరవలేదు. రెండు నెలలు చూసి, వీడికి అందడం లేదు, తెలుగు మీడియంలో వేయండని తండ్రికి కబురు పంపాను. ఆయనకు అది 'మీ వాడికి చదువు రాదు' అన్నట్టే వినిపించింది. బడి మాన్పించి కొబ్బరి పీచు పనికి పంపాడు.

ఆ వేసవిలో లాకుల దగ్గర మా బస్సు ఆగిపోయింది. దిగి నిలబడితే గట్టు మీద వాడు తమ్ముడికి చెబుతున్నాడు: "ముందు కింది తలుపులు మూసేత్తారు. పైనుంచి నీళ్ళొదులుతారు. నీళ్ళతో పాటు పడవా లేత్తది. పైనా లోపలా నీళ్ళు సమానమయ్యాక పై తలుపులు తీత్తే పడవ ఎల్లిపోద్ది." వాడు ఇంగ్లీషులో రాసిందీ అదే, అక్షరం వరస తప్పకుండా. ఆ కాగితంలో లేనివల్లా తెలుగులో లేని మాటలూ, క్రియల చివరి ముక్కలూ. లాకు ఎలా పనిచేస్తుందో క్లాసు మొత్తంలో వాడొక్కడే రాశాడు.

బడికి రమ్మని బతిమాలాను. "వద్దులెండి టీచరు గారండీ, నాకు ఇంగ్లీషు రాదు కదండీ" అన్నాడు. వాడికి ఆ మాట నేర్పింది నేనే.

అందుకే నీకు ఇంత చెప్పడం. మాట్లాడని పిల్లని మొద్దు అని మనసులో కూడా అనుకోకు. నువ్వు తొందరమనిషివి, చిన్నప్పుడు ముగ్గు ఆరకముందే రంగు వేసేదానివి. కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే విద్యా పరిశోధకుడు 1979లో ఒక తేడా చూపించాడు. ఆటల్లో, కబుర్లలో వాడే భాష వేరు, పాఠంలో వాడే భాష వేరు అని. అక్కడికి వలస వచ్చిన పిల్లలకు మొదటిది సుమారు రెండేళ్ళలో పట్టుబడితే, రెండోది అందడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పట్టేదట. వాళ్ళకు వీధిలోనూ ఇంగ్లీషే. నీ పిల్లలకు నీ నోటి నుంచి తప్ప ఇంకెక్కడా వినపడదు. అక్టోబరుకల్లా రావాలని వాళ్ళ ప్రాణం తీయకు, నీ ప్రాణమూ తీసుకోకు.

మీ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా. ముందు తెలుగు పేజీ మీద మాట్లాడించు. ఎవరైనా తప్పు పడితే గిడుగు రామమూర్తి గారిని తలుచుకో. సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడం కోసం ముందు తానే సవర భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు రాశారాయన. నువ్వూ మొదటి వారం వాళ్ళ దగ్గర నేర్చుకో. వలల పేర్లు, అరటి రకాలు, వరదొస్తే గొడ్లని ఎక్కడికి తోలుతారో అడుగు. వాటిలోంచే మొదటి ఇంగ్లీషు వాక్యాలు తయారుచెయ్యి.

ఇంకొకటి, ఇది మాత్రం నా మాట వినాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ కబురు వచ్చిన రోజు ఎవరు రమ్మన్నా పడవ ఎక్కకు. లైఫ్ జాకెట్ లేకపోతే ఎండాకాలంలో కూడా ఎక్కకు. హెడ్‌మాస్టరు గారు కోప్పడితే పడు. మొదటి రోజు ఒడ్డుకు చేరగానే నాకు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు. ఫోను చేతిలోనే పెట్టుకుని ఉంటాను.

నీ
అత్తయ్య