వరద వేళ వాట్సాప్ గ్రూపు

ప్రశ్న: 2021 నవంబరు వరదల్లో మా కాలనీ వాట్సాప్ గ్రూపు సాయం కోరే సందేశాలతో నిండిపోయింది. ఏది నిజమో, ఏది పాతదో తేలలేదు. ఇకముందు ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రాయలచెరువు కట్టకు లీకేజీ ఏర్పడి దిగువ గ్రామాలను ఖాళీ చేయించిన ఆ రోజుల్లో, ఎప్పటిదో సమయం రాయని ఒక్క సందేశం చాలు, జనం బెంబేలెత్తిపోవడానికి. కాబట్టి ఇద్దరు ముగ్గురిని ముందే ఎంచుకుని, వచ్చిన ప్రతి వినతినీ ఫోను చేసి నిర్ధారించుకుని, ఒక పట్టికలో రాసే పని వారికి అప్పగించండి. 2010 జనవరిలో హైతీ భూకంప బాధితులు 4636 నంబరుకు పంపిన ఎస్ఎమ్ఎస్‌లు అక్కరకు వచ్చాయంటే, విదేశాల్లో ఉన్న హైతీవాసులు ఓపికగా వాటిని అనువదించి, చోటు గుర్తించి మ్యాపుపైకి ఎక్కించడమే కారణం. నా దృష్టిలో యాప్ కంటే ఈ వడపోతే ముఖ్యం.

సందేశం ఇలా ఉండాలి: "19వ తేదీ, ఉదయం 7.40. ఫలానా వీధి, రామాలయం వెనుక, మొదటి అంతస్తు. నలుగురు, ఒకరు డయాలసిస్ రోగి. అక్కడున్నవారి నంబరు ఇది." లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటల్లో ఆగిపోతుంది కనుక, ప్రస్తుత లొకేషన్‌ను కూడా పంపాలి. డేటా అందనప్పుడు ఎస్ఎమ్ఎస్ వెళ్లే అవకాశం ఉంటుంది. రోగుల వివరాలను మాత్రం దయచేసి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ప్రాణాపాయమైతే గ్రూపులో జవాబు కోసం ఎదురుచూడకుండా ముందు 112కు ఫోను చేయండి; సాయం అందిన వెంటనే ఆ సందేశం కింద "అందింది" అని సమయంతో సహా రాయించండి.