వాతావరణ సందేశం రైతుకు పనికిరావాలంటే

ప్రశ్న: మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో ఎక్కువమంది వేరుశనగ వేసే సన్నకారు రైతులు. వారికి ఫోన్‌లో వాతావరణ సమాచారం పంపాలనుకుంటున్నాము. ఇప్పటికే వస్తున్న సందేశాలను ఎవరూ పట్టించుకోవడం లేదు. వాన అన్న రోజున చుక్క రాలడం లేదంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: యాప్ తయారీతో మాత్రం మొదలుపెట్టకండి. ముందుగా కొందరు రైతులను కూర్చోబెట్టి, దుక్కి నుంచి కాయ ఎండబెట్టే వరకు ఏ పని ఎప్పుడు చేయాలో వారు ఎలా తేల్చుకుంటారో, వాన సంగతి ఎన్నాళ్ల ముందు తెలిస్తే ఆ నిర్ణయం మారుతుందో అడిగి రాసుకోండి. విత్తడానికి రెండు మూడు వారాల ముందుచూపు కావాలి. పీకిన చెట్టు చేలో ఆరుతున్నప్పుడు ఒకటి రెండు రోజుల ముందు కబురు చాలు, కానీ అది కూలీలను పిలవకముందే చేరాలి. ఫోన్ చాలా ఇళ్లలో మగవారి జేబులో ఉంటుంది, కాయ వలిచేదీ ఎండబెట్టేదీ ఆడవారు. కనుక ఏ వేళకు, ఎవరికి, అక్షరాలుగానా వాయిస్ కాల్‌గానా అన్నది వారినీ అడిగే నిర్ణయించాలి.

ఇక చుక్క రాలకపోవడం గురించి. వాతావరణ శాఖ ‘ఒకటి రెండు చోట్ల’ వర్షం అన్నదంటే, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో 25 శాతానికి మించని చోట్ల పడుతుందని లెక్క. జిల్లాకంతటికీ చెప్పిన ఆ మాటను రైతు తన చేనికి అన్వయించుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు. ‘నాలుగు ఊళ్లలో ఒక ఊరికి పడవచ్చు, విత్తనం పదును వచ్చేంత వాన కాదు’ అని మీరు చెప్పగలిగితే నమ్మకం నిలుస్తుంది. ఊళ్లో ఒక వర్షమాపకం పెట్టి, రైతులలోనే ఒకరు రోజూ ఉదయం 8.30కి లెక్క రాస్తే, ఏ కబురు నిజమైందో సంఘమే తేల్చుకుంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో రైతుల భూగర్భ జల పథకం కింద ఏడు కరువు జిల్లాల రైతులు వాన లెక్కలు, బోర్ల నీటిమట్టాలు స్వయంగా నమోదు చేశారు. చదువు లేదన్న సాకు అక్కడ చెల్లలేదు.

మీ జిల్లాలోని దేవనకొండ మండలంలోనే 2016 ఖరీఫ్‌లో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగు సందేశాలు పంపాయి. మామూలు ఫోన్ సరిపోయింది. హెక్టారుకు దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ప్రకటించారు. ఒక్క సీజను, కొద్దిమంది రైతుల ఫలితం కాబట్టి దానిని హామీగా తీసుకోవద్దని నా అభిప్రాయం. విత్తడం ఆపమని చెప్పేటప్పుడు మరో చిక్కు ఉంది. వాన మరీ వెనుకబడితే వేరుశనగకు బదులు వేయవలసిన కంది, కొర్ర విత్తనాలు మీ గోదాములో సిద్ధంగా ఉన్నాయో లేదో చూసుకున్న తరువాతే ఆ సందేశం పంపండి.