అమ్మమ్మ చీరకు కత్తెర పెట్టేముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

అమ్మమ్మ కట్టిన తెల్ల మంగళగిరి చీర మీదే ఆమె ఫోటోను నీలంలో అచ్చు వేయాలని ఉందని రాశావు. చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. తప్పకుండా చెయ్యి. కానీ ఆ చీరను ఇప్పుడే కత్తిరించకు.

నువ్వు పంపిన నమూనాలో ముఖమంతా మచ్చలు పడింది ఎండ చాలక కాదు, గంజి వల్ల. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ సైనోటైప్‌లో, అంటే ఎండతో నీలంలో ఫోటో అచ్చు వేసే పద్ధతిలో, బట్టకు పూసే రసాయన మందు నూలు పోగుల్లోకి ఇంకాలి. గంజి ఉన్నచోట అది పైపైనే నిలిచి, కడిగితే పోతుంది. మా అమ్మ గంజి పెట్టని చీర కట్టి ఎరగదు. అందుకే చీరను రాత్రంతా వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ జాడించు. ఆపైన అంచులోంచి ఒక పోగు లాగి దాని మీద టింక్చర్ అయోడిన్ చుక్క వెయ్యి. నల్లబడితే గంజి ఇంకా ఉన్నట్టే.

మందుల కొలతలు నీకు తెలిసినవే: 100 మి.లీ. నీళ్లలో ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు, మరో 100 మి.లీ.లో పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు, రెండూ సమపాళ్లలో. ఫెర్రిసైనైడ్ దగ్గరికి ఘాటైన యాసిడ్ రానివ్వకు. పూత వేశాక బట్టను తీగ మీద వేలాడదీయకు, మందు కిందికి జారుతుంది. చీకటి గదిలో పరిచి ఆరబెట్టు.

పూత మీద ఫోటో నెగెటివ్ పరిచి ఎండలో పెడితే, పసుపుపచ్చని పూత ఆకుపచ్చగా, తర్వాత నీలంగా మారుతుంది. తొందరపడి తీసెయ్యకు. బాగా ఎండ తగిలిన చోట బూడిదరంగు తిరిగేదాకా ఉంచు. పసుపుపచ్చ రంగు నీళ్లు కారడం ఆగేదాకా కడుగు.

ఆ తర్వాత సబ్బుసోడా తగలకూడదు. పాతికేళ్ల కిందట మా నాన్న ఫోటో అచ్చు వేసిన దిండు గలేబును చాకలిసోడాతో ఉతికాను. బకెట్‌లో నేను చూస్తుండగానే నీలం పలచబడి, ఆయన ముఖం తుప్పుమరకలా మిగిలింది. నెగెటివ్ కూడా లేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు. ఉతకక తప్పకపోతే పలచని కుంకుడు రసం వాడు.

ముందు పాత నూలు పంచె ముక్క మీద 5, 10, 15 నిమిషాలు ఎండ తగిలేలా పరీక్ష పట్టీలు వేసి, ఆరాక నాకు పంపు. చీర సంగతి అవి చూసి చెబుతాను.

మీ మామయ్య